ఫే గారి లెక్కల పుస్తకం

టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ కథ మనలో చాలామంది బడిలో చదువుకున్నదే. అదే బెల్ గారు 1883 నవంబరు 13న అమెరికాలోని న్యూహేవెన్‌లో పెద్ద శాస్త్రవేత్తల సభలో చదివిన వ్యాసం సంగతి మాత్రం ఏ వాచకంలోనూ ఉండదు. 'మానవజాతిలో ఒక చెవిటి శాఖ ఏర్పడడం గురించి' అని దాని పేరుకి తెలుగు చెప్పుకోవచ్చు. చెవిటివాళ్ళు చెవిటివాళ్ళనే పెళ్ళాడుతున్నారనీ, ఇది ఇలాగే సాగితే కొన్ని తరాలకి చెవిటితనమే లక్షణంగా గల ఒక మానవశాఖ తయారవుతుందనీ ఆయన భయం.

ఈ మాట అన్నవాడు చెవిటివాళ్ళంటే గిట్టనివాడు కాడు. ఆయన తల్లికి సరిగా వినపడదు. 1877లో పెళ్ళాడిన మేబెల్‌కి అయిదేళ్ళప్పుడు స్కార్లెట్ జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. ఆయన స్వయంగా చెవిటిపిల్లల పంతులు. అందుకే ఆయన మాటకి అంత బరువు వచ్చింది.

చెవిటివాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పెళ్ళాడడానికి కారణాలు కూడా ఆయన ఏకరువు పెట్టాడు. వాళ్ళకి వేరే బడులున్నాయి. సైగలతో మాట్లాడే వేరే భాష ఉంది. సంఘాలు పెట్టుకుంటారు, ఏడాదికోసారి కలుసుకుంటారు. ఆఖరికి వాళ్ళ కోసం వాళ్ళు పత్రికలు కూడా నడుపుకుంటున్నారు! ఈ జాబితా మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఉన్న ఊళ్ళో వేరే భాష, వేరే బడి, సంఘం, వార్షికోత్సవం, నాలుగు వందల ప్రతుల పత్రిక, పెళ్ళిళ్ళు మనలో మనకే. బరంపురం తెలుగువాళ్ళని గానీ హోసూరు తెలుగువాళ్ళని గానీ బెల్ గారు చూసి ఉంటే ఏమనేవాడో!

పెళ్ళిళ్ళని చట్టం పెట్టి ఆపమని ఆయన అనలేదు. అది పనికిరాదనే అన్నాడు. చెవిటిపిల్లల్ని ఒకచోట చేర్చే బడులు తగ్గించాలి, సైగల భాష మాన్పించి పెదవుల కదలిక చూసి మాట పట్టుకోవడం నేర్పాలి, చెవిటి ఉపాధ్యాయులు ఉండకూడదు అన్నాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1880లో, ఇటలీలోని మిలాన్‌లో జరిగిన ఉపాధ్యాయుల మహాసభ బడుల్లో సైగలు వద్దని తీర్మానించి ఉంది. ఇక బెల్ మాట తోడయింది. దాదాపు నూరేళ్ళు చెవిటిపిల్లల చేతులు కట్టేసినట్టే అయింది.

నాకెందుకు ఇదంతా అంటే, మా పిన్ని చెవిటిది. బధిర అంటే మర్యాదగా ఉంటుందని తెలుసు గాని, పిన్ని చెవి మీద వేలు పెట్టి అడ్డంగా చెయ్యి ఊపి తన సంగతి తానే చెప్పుకునేది. ఆ సైగకి తెలుగులో నాకు తోచే మాట చెవిటే. ఇక్కడా అదే వాడుతున్నాను.

తాతగారు అమ్మమ్మకి స్వయానా మేనమామ. అయిదుగురు పిల్లల్లో పిన్ని మూడోది. పుట్టుకతోనే వినపడదు. కడుపుతో ఉన్నప్పుడు అమ్మమ్మ గ్రహణం చూసిందని తాతగారి వైపు వాళ్ళు అనేవారు. తాతగారి వైపేమిటి, అమ్మమ్మ వైపేమిటి, ఉన్నది ఒకటే కుటుంబమైతే! అయినా నింద మాత్రం ఆవిడ ఒక్కదాని మీదే పడింది. 1968లో పర్లాకిమిడి నించి పిన్నికి సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు అచ్చాఫీసులో కంపోజిటరు. ఆయనకీ వినపడదు. నాలుగేళ్ళప్పుడు జ్వరమొచ్చి పోయింది. పిన్నికి ఇష్టమే. మా పెద్ద మావయ్య మాత్రం ససేమిరా అన్నాడు. "ఇద్దరూ మూగాళ్ళైతే పుట్టేవాళ్ళందరూ మూగాళ్ళే" అన్నాడు. ఊళ్ళో ఒక డాక్టరుగారిని అడిగితే ఆయనా అదే చెప్పి, పెళ్ళి చేసినా పిల్లలు పుట్టకుండా చూడమన్నారు. ఎనభై అయిదేళ్ళ క్రితం న్యూహేవెన్‌లో చదివిన వ్యాసం సారాంశం, ఎవరి నోటి మీదుగా వచ్చిందో గాని, బరంపురం చేరింది. పెళ్ళి మాత్రం ఆగలేదు. తాతగారు ఒప్పుకున్నారు. పిన్నికి ఒక కొడుకు, ఒక కూతురు. ఇద్దరికీ పక్కవీధిలో పిలిచినా వినపడుతుంది.

ఇది అదృష్టం అనుకునేవాళ్ళం. అదృష్టం కాదని 1898లోనే ఒకాయన లెక్కగట్టి పెట్టాడు.

ఆయన పేరు ఎడ్వర్డ్ ఎలెన్ ఫే. వాషింగ్టన్‌లో చెవిటివాళ్ళ కోసం 1864లో నెలకొన్న కళాశాలకి ఉపాధ్యక్షుడు. గాలొడెట్ కళాశాల అంటే అదే. చెవిటివాళ్ళ చదువుకి సంబంధించిన ఒక పత్రికకి సంపాదకుడు కూడా. డాక్టరు కాదు. నిజానికి సాహిత్యం మనిషి. ఇటాలియన్ మహాకవి డాంటే కావ్యంలో ఏ మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూపే పదసూచిక తయారుచేసి 1888లో అచ్చువేశాడు. కంప్యూటర్లు లేని రోజుల్లో అటువంటి సూచిక వెయ్యాలంటే ఎంత ఓర్పు కావాలో పుస్తకాల పని చేసినవాళ్ళకి తెలుస్తుంది. ఆ ఓర్పునే ఆయన పెళ్ళిళ్ళ మీద పెట్టాడు. దేశమంతా అచ్చుకాగితాలు పంపి, చెవిటివాళ్ళ పెళ్ళిళ్ళు నాలుగు వేలకి పైగా నమోదు చేశాడు. ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఎప్పుడు చెవుడొచ్చింది, ఏ కారణం చేత, బంధువుల్లో ఇంకెవరు చెవిటివాళ్ళు, పిల్లలెందరు, వాళ్ళలో వినపడనివాళ్ళెందరు, అన్నీ అడిగాడు.

ఫలితం తెలిసిన పెళ్ళిళ్ళు 3,078. వాటిలో చెవిటిపిల్లలు పుట్టినవి 300. అంటే నూటికి పది కూడా లేవు. పుట్టిన పిల్లలు మొత్తం 6,782 మంది అయితే చెవిటివాళ్ళు 588. ఇంతకన్నా విచిత్రం ఇంకోటుంది. భార్యాభర్తలిద్దరూ చెవిటివాళ్ళైన పెళ్ళిళ్ళు 2,377 అయితే చెవిటిపిల్లలు పుట్టినవి 220, అంటే నూటికి తొమ్మిది చిల్లర. ఒకరికి వినపడి ఒకరికి వినపడని జంటలు 599, వాటిలో 75. అంటే నూటికి పన్నెండున్నర! ఇద్దరూ చెవిటివాళ్ళైతే ప్రమాదం రెట్టింపు కావాలి కదా? కాకపోగా కాస్త తగ్గింది.

ఇంకొక పట్టిక కూడా ఉంది. మన వైపు వాళ్ళు ఇది చూడాలి. భార్యాభర్తలు రక్తసంబంధీకులైన పెళ్ళిళ్ళు ఆయనకి 31 దొరికాయి. చిన్న సంఖ్యే. కాని ఆ 31లో 14 జంటలకి చెవిటిపిల్లలు పుట్టారు. నూరుమంది పిల్లల్లో ముప్ఫైమంది. చెవిటితనం చెవిటితనాన్ని వెతుక్కుంటూ పోవడం లేదు, చుట్టరికాన్ని వెతుక్కుంటూ పోతోందని ఆ పట్టిక చెప్తోంది.

ఈ పుస్తకాన్ని అచ్చువేసింది ఎవరనుకున్నారు? బెల్ గారే. తన బహుమతి డబ్బుతో పెట్టిన వోల్టా బ్యూరో అనే సంస్థ తరఫున వేశాడు. తన భయాన్ని సమర్థించని లెక్కల్ని తన ఖర్చుతో అచ్చువేసిన పెద్దమనిషితనం ఆయనకుంది. అంతవరకు ఆయన్ని మెచ్చుకోవాలి. అయితే లెక్కల పుస్తకం బీరువాలో ఉండిపోయింది, భయం లోకంలో తిరిగింది.

ఆ అంకెలకి అర్థం ఫే గారికి అంతుపట్టలేదు. అది ఆయన తప్పు కాదు. బఠానీ మొక్కల మీద మెండెల్ 1866లో అచ్చువేసిన వ్యాసాన్ని లోకం మళ్ళీ గుర్తించింది 1900లో, అంటే ఫే పుస్తకానికి రెండేళ్ళ తరవాత. అంతకుముందు బెల్ కూడా ఇక్కడే బోర్లాపడ్డాడు. మసాచుసెట్స్ తీరంలో మార్తాస్ వినియార్డ్ అనే దీవి ఉంది. ఆ దీవిలో చిల్‌మార్క్ అనే ఊళ్ళో 19వ శతాబ్దంలో పాతికమందికి ఒకరు చెవిటివాళ్ళు. బెల్ అక్కడికి వెళ్ళి వంశవృక్షాలు గీశాడు. ఒక ఇంట్లో తల్లిదండ్రులకి వినపడుతుంది, పిల్లలకి వినపడదు. పక్కింట్లో తల్లికి వినపడదు, పిల్లలందరికీ వినపడుతుంది. ఏ లెక్కకీ లొంగక ఆ పని వదిలేశాడు. ఆయన పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ దీవిలో వినపడేవాళ్ళు కూడా అందరూ సైగలు నేర్చుకుని మాట్లాడేవారు. ఫలానా ఆయన చెవిటివాడు కదా అనే గుర్తే ఎవరికీ ఉండేది కాదట. నోరా గ్రోస్ అనే పరిశోధకురాలు ముసలివాళ్ళని అడిగి తెలుసుకుని 1985లో పుస్తకం రాస్తేగాని ఈ సంగతి బయటికి రాలేదు. అప్పటికి ఆ వంశాల్లోని ఆఖరి చెవిటి మనిషి 1952లోనే పోయింది.

భయం తిరిగిన దారుల్లో ఒకటి జర్మనీకి పోయింది. 1933 జులైలో హిట్లరు ప్రభుత్వం చేసిన చట్టం, పిల్లలు పుట్టకుండా బలవంతాన ఆపరేషన్ చెయ్యవలసిన జబ్బుల జాబితాలో వంశపారంపర్య చెవిటితనాన్ని చేర్చింది. ఆ చట్టం కింద సుమారు 17,000 మంది చెవిటివాళ్ళకి ఆపరేషన్లు చేశారని అంచనా. ఫే పుస్తకం అచ్చయి అప్పటికి ముప్ఫై అయిదేళ్ళు.

బీరువాలోంచి ఆ పుస్తకాన్ని తీసినవాడు వాల్టర్ నాన్స్. ఈయన వైద్యుడు. అమెరికాలోని రిచ్‌మండ్‌లో మెడికల్ కాలేజ్ ఆఫ్ వర్జీనియాలో మానవ జన్యుశాస్త్ర విభాగాన్ని చాలాకాలం నడిపాడు. కవలల మీద, పుట్టుకతో వచ్చే చెవిటితనం మీద ఆయన జీవితమంతా పనిచేశాడు. 1970ల్లో ఆయనా, ఆయన సహచరులూ ఫే నమోదు చేసిన కుటుంబాలని కొత్త గణితంతో మళ్ళీ తిరగేశారు. తరవాత గాలొడెట్‌లో కాథలీన్ ఆర్నోస్‌తో కలిసి చెవిటి విద్యార్థులకి వంశపారంపర్యం గురించి సలహా చెప్పే పని పెట్టుకున్నారు. ఆ సలహా సైగల భాషలోనే చెప్పేవారు. పెళ్ళి చేసుకోండి, మానండి అని చెప్పరు. ఏ సంబంధానికి ఎంత అవకాశం ఉందో చెప్తారు, నిర్ణయం వాళ్ళది. చెవిటిబిడ్డ పుడితే మాకేం బాధ లేదు అనే జంటలు అక్కడ చాలామందే. డాక్టర్లకి మొదట మింగుడుపడని విషయం ఇది. వినపడేవాళ్ళింట్లో చెవిటిబిడ్డ పుడితే అది కష్టం. సైగలతో మాట్లాడుకునే ఇంట్లో పుడితే ఆ బిడ్డ అమ్మ భాషలోనే పెరుగుతుంది.

ఫే గారి అంకెల గుట్టు ఇదీ. మనలో ప్రతి ఒక్కరి దగ్గరా శరీరనిర్మాణం గురించిన పుస్తకం రెండు ప్రతులుంటాయనుకోండి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఒక ప్రతిలో ఒక పేజీ చిరిగినా రెండో ప్రతి చూసి శరీరం పని జరిపించుకుంటుంది. అలాంటి మనిషికి చెవులు బాగానే వినపడతాయి. రెండు ప్రతుల్లోనూ అదే పేజీ చిరిగితేనే చిక్కు. దీన్నే జీవశాస్త్రం పాఠంలో అంతర్గత లక్షణం అంటారు. అయితే వినికిడికి అవసరమైన పేజీ ఒకటి కాదు, నూటికి పైగా ఉన్నాయి. భర్తకి రెండు ప్రతుల్లోనూ పదో పేజీ లేదు. భార్యకి రెండిట్లోనూ రెండువందలో పేజీ లేదు. ఇద్దరూ చెవిటివాళ్ళే. పుట్టిన బిడ్డకి చెరో ప్రతీ వస్తుంది. నాన్న ప్రతిలో లేని పదో పేజీ అమ్మ ప్రతిలో ఉంది, అమ్మ ప్రతిలో లేనిది నాన్న ప్రతిలో ఉంది. బిడ్డకి అన్నీ వినపడతాయి. ఇక ఆ రోజుల్లో స్కార్లెట్ జ్వరం, మెదడు పొరల వాపు లాంటివి వచ్చి చెవులు పోయినవాళ్ళు ఎందరో. వాళ్ళ పుస్తకాల్లో అసలు చిరుగే లేదు. మా బాబాయి ఈ బాపతు. కాగా ఇద్దరు చెవిటివాళ్ళకి చెవిటిపిల్లలే పుట్టాలంటే ఇద్దరికీ అదే పేజీ చిరిగి ఉండాలి. రక్తసంబంధంలో అది సులభం. ఇద్దరి ప్రతులూ ఒకే తాతగారింటి నించి వచ్చినవి మరి!

ఏ పేజీ ఎక్కువగా చిరుగుతుందో 1990ల్లో తెలిసింది. పారిస్‌లో క్రిస్టీన్ పెటి బృందం 1994లో ట్యునీసియా కుటుంబాల్ని పరీక్షించి 13వ క్రోమోజోము మీద చోటు గుర్తించింది. 1997లో లండన్‌లో డేవిడ్ కెల్సెల్ బృందం ఆ జన్యువేదో పట్టుకుంది. కనెక్సిన్ 26 అనే ప్రొటీన్‌ని తయారుచేసే జన్యువు అది. లోచెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఉంటుంది. అందులో పక్కపక్కనున్న కణాల మధ్య ఈ ప్రొటీన్ చిన్న చిన్న కిటికీలు కడుతుంది. ఆ కిటికీల గుండా పొటాషియం ఒక కణం నించి ఇంకో కణానికి పోతూ, వాడిన చోటు నించి మళ్ళీ వాడే చోటికి చేరుతుందని చెప్తారు. కిటికీలు లేకపోతే శబ్దాన్ని పట్టే కణాలు పనిచెయ్యలేవు. ఇంత పెద్ద సంగతికి కారణం 226 అక్షరాల చిన్న ప్రొటీను. వంశపారంపర్య చెవుడుకి వందకి పైగా జన్యువులున్నా, చాలా దేశాల్లో అన్నిటికన్నా ఎక్కువ కనపడేది ఈ ఒక్కటే.

ఒక్కో జనానికి ఈ పేజీలో ఒక్కో చోట చిరుగు. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల ఒక చోట, చైనా, జపాన్ వైపు ఇంకోచోట. ఆఫ్రికాలో ఘానా దేశంలో ఆడమొరోబె అనే పల్లె ఉంది. అక్కడ చెవిటివాళ్ళు ఎక్కువ, ఊరికంతటికీ సొంత సైగల భాష ఉంది. వాళ్ళ చిరుగు ఏదో 1998లో తేలింది. మన దేశంలో ఎక్కువగా కనపడేది 24వ అక్షరం దగ్గర. అక్కడ ఉండవలసిన అక్షరం బదులు ఫుల్‌స్టాప్ పడింది. 226 అక్షరాల వాక్యం 23తోనే ఆగిపోతుంది. కంపోజింగులో ఒక్క టైపు మారినట్టన్నమాట. బెంగుళూరులో జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో అనురంజన్ ఆనంద్ బృందం 2003లో, హైదరాబాదులో రామ్‌చందర్ తదితరులు 2009లో ఈ సంగతే అచ్చువేశారు. రామ్‌చందర్ గారు తరవాత మన భువనేశ్వర్‌లో లైఫ్ సైన్సెస్ సంస్థలో చెవి వ్యాధుల మీదే పరిశోధన సాగించారు. ఇదే ఫుల్‌స్టాప్ స్లొవాకియాలో, స్పెయిన్‌లో ఉండే రోమా జిప్సీలలో కూడా బయటపడింది. వెయ్యేళ్ళ కింద ఇక్కడి నించి వెళ్ళినవాళ్ళు భాషతో పాటు దీన్నీ మూటగట్టుకు పోయారు.

బెల్ మాట పూర్తిగా కొట్టెయ్యాలా? నాన్స్ గారు ఇక్కడ మొహమాటపడలేదు. 2004లో ఆయన ఒక సహచరుడితో కలిసి రాసిన వ్యాసంలో, సైగల భాష, బడులు వచ్చాక చెవిటివాళ్ళకి పెళ్ళిళ్ళు, సంతానం పెరిగాయనీ, దానివల్ల అమెరికాలో కనెక్సిన్ రకం చెవుడు రెండువందల ఏళ్ళలో రెట్టింపు అయి ఉండొచ్చనీ లెక్కగట్టారు. 2008లో ఆర్నోస్, నాన్స్ తదితరులు ఫే నాటి కుటుంబాల్నీ, ఈనాటి కుటుంబాల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. చెవిటిపిల్లలు మాత్రమే పుట్టగల జంటల పాలు నూరేళ్ళలో అయిదు రెట్లకి పైగా పెరిగింది. పెరిగింది అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ఆ ఒక్క రకమే, మిగతా అరుదైన రకాలు కావు. అంటే బెల్ చూసిన ధోరణి లేకపోలేదు. కాని ఆయన దాన్ని ముప్పు అన్నాడు, నాన్స్ అనలేదు. వినపడనివాళ్ళు కూడా మనుషుల్లా పెళ్ళాడి పిల్లల్ని కనగలగడం వల్ల వచ్చిన మార్పు అది. నా మటుకు నాకు ఇద్దరి మధ్యా తేడా అంతా అక్కడే ఉంది.

ఇప్పుడు మేనరికాల సంగతి. హాల్డేన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1957లో ఇండియాకి వచ్చేశాడని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1962లో భువనేశ్వర్‌లో స్థిరపడి, 1964 డిసెంబరు 1న అక్కడే పోయాడు. ఆయన కోరిక ప్రకారం శరీరాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి ఇచ్చారు. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు పిఠాపురం మనిషి. మీరాఖాన్ గారితో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధపు పెళ్ళిళ్ళ మీద 1963లో వ్యాసం అచ్చువేశాడు. మనవాళ్ళ మేనరికాలు ప్రపంచ జన్యుశాస్త్రజ్ఞుల కంట్లో పడ్డది అప్పుడే అనొచ్చు. అక్క కూతుర్ని చేసుకోవడమనేది వాళ్ళకి మరీ విడ్డూరం.

మేనరికం కొత్తగా చిరుగు పెట్టదు. ఉన్న చిరుగుల్ని ఒక చోటికి చేరుస్తుంది. తాతమ్మ దగ్గర ఒక ప్రతిలో ఒక పేజీ చిరిగిందనుకోండి. కొడుకు బిడ్డకీ కూతురు బిడ్డకీ పెళ్ళి చేస్తే, వాళ్ళ బిడ్డకి ఆ పేజీ రెండు ప్రతుల్లోనూ చిరిగి రావడానికి అరవైనాలుగింట ఒక వంతు అవకాశం. ఆవిడ కొడుక్కే ఆవిడ మనవరాలిని, అంటే అక్క కూతుర్ని, ఇస్తే ముప్ఫైరెండింట ఒక వంతు. ఇది భయపడేంత పెద్ద అంకె కాదు. అందుకే వంద మేనరికాల్లో తొంభైకి పైగా ఏ గొడవా లేకుండా సాగిపోతాయి, మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు కదా అని జనం అంటారు. వాళ్ళన్నది నిజమే. కాని ఇంట్లో ఒక చెవిటి మనిషి అప్పటికే ఉంటే లెక్క మారిపోతుంది.

ఎలా మారుతుందో మా ఇంట్లోనే చూశాం. పిన్ని కూతురు, అంటే మా చెల్లెలు, 1993లో మా పెద్ద మావయ్య కొడుకుని చేసుకుంది. అవును, ఆ మావయ్యే. మేనకోడలికి ఎక్కడా లోపం లేదని తేలాక ఆయనకి అభ్యంతరం లేకపోయింది. ఇక లెక్క చూడండి. పిన్నికి రెండు ప్రతులూ చిరిగినవే కాబట్టి చెల్లెలి దగ్గర ఒకటి చిరిగింది తప్పకుండా ఉంటుంది. మావయ్యకి వినపడుతుంది గాని, చెవిటి చెల్లెలున్న అన్నగారి దగ్గర ఒక చిరిగిన ప్రతి ఉండడానికి మూడింట రెండు వంతుల అవకాశం. అది ఆయన కొడుక్కి చేరడానికి అందులో సగం, అంటే మూడింట ఒక వంతు. పుట్టే ప్రతి బిడ్డా చెవిటిదవడానికి పన్నెండింట ఒక వంతు. బయటి సంబంధమైతే ఇందులో ఆవగింజంత కూడా ఉండదు.

మొదటి పిల్లాడికి బాగానే వినపడుతుంది. 1998లో పుట్టిన ఆడపిల్లకి వినపడదని రెండో ఏట గాని తెలియలేదు. అప్పుడు అత్తయ్య అన్న మాట నేను విన్నాను. "మూగాళ్ళ పిల్లని తెచ్చుకుంటే ఇలాగే అవుద్ది" అంది. మావయ్య కాదనలేదు. పిన్ని పక్కనే ఉంది. వినపడకపోయినా ఆవిడ పెదవులు చదవగలదు. అమ్మమ్మ మీద గ్రహణం పెట్టినట్టే చెల్లెలి మీద పుట్టిల్లు పెట్టారు.

2011లో హైదరాబాదు నించి రక్తపరీక్ష కాగితం వచ్చింది. మనవరాలికి కనెక్సిన్ 26లో, 24వ అక్షరం దగ్గర, రెండు ప్రతుల్లోనూ అదే ఫుల్‌స్టాప్. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి. తండ్రికి ఎవరి నించి వచ్చిందో చూడాలని మావయ్యవీ, అత్తయ్యవీ కూడా తీశారు. అత్తయ్యలో లేదు. మావయ్యలో ఉంది. పిన్నిలో ఉన్నదీ ఆయనలో ఉన్నదీ ఒకే ఇంటి ఆస్తి. ఆవిడకి రెండు పాళ్ళు దక్కాయి, ఆయనకి ఒకటి. కాగితం నేనే తెలుగులో చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఇంగ్లీషు రాకపోయినా, తన పేరున్న వరసని చాలాసేపు చూశాడు. తరవాత పిన్ని ఇంటికి వెళ్ళాడు. ఏం చెప్పాడో తెలియదు. సైగలు ఆయనకి అంతంతమాత్రం. ఆ నాటి నించి ఆయన ఎదట ఎవరూ పుట్టింటి మాట ఎత్తలేదు.

ఆ పిల్లకిప్పుడు సంబంధం కుదిరింది. అబ్బాయిది విజయనగరం, వినపడదు, వాళ్ళింట్లో ఇంకెవరికీ ఆ ఇబ్బంది లేదు. చెల్లెలూ బావా అబ్బాయి రక్తపరీక్ష చేయించమని నన్ను అడిగారు. అబ్బాయికి అభ్యంతరం లేదు, ఇచ్చాడు. అదే పేజీ అయితే పుట్టేవాళ్ళందరూ చెవిటివాళ్ళు, వేరే పేజీ అయితే అందరికీ వినపడుతుంది. ఈ రెండు ముక్కలూ పిల్లకి కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఏదైతే ఏం అన్నట్టు చెయ్యి ఊపి, అబ్బాయితో ఫోన్లో వీడియో పెట్టుకుని సైగలు చేసుకోవడంలో పడిపోయింది. ఫలితం ఇంకా రాలేదు. మాఘమాసంలో ముహూర్తం పెట్టేశారు.